బిడ్డ మొహం చూపకుండా చందా అడగలేమా?

అద్దంకి బస్టాండు చుట్టుపక్కల టీ కొట్ల బల్లల మీద అప్పుడప్పుడు ఒక డబ్బా కనిపిస్తుంది. దానిమీద జుట్టు ఊడిపోయిన పసిబిడ్డ ఫోటో, కింద జబ్బు పేరు, ఒక ఫోన్ నంబరు. ఇప్పుడా డబ్బా సెల్‌ఫోన్లలోకి వచ్చింది. ఫోటో అదే, డబ్బా చిల్లు బదులు క్యూఆర్ కోడ్. చూసినవాళ్లలో కొందరు పదో ఇరవయ్యో వేస్తారు, చాలామంది పైకి జరిపేస్తారు. మేము అడగదలచుకున్నది చిన్న ప్రశ్న. కేన్సర్ వచ్చిన బిడ్డకు వైద్యం అందాలంటే ఆ బిడ్డ మొహాన్ని ఊరంతా తిప్పక తప్పదా?

మనవాళ్లకు చందా కొత్తది కాదు. యానాది సంగంలో ఒకింట చావు జరిగితే మిగతా ఇళ్లవాళ్లు తలా కొంత వేసుకుంటారు. తండాలో పెళ్లైనా అంతే. అందులో ఎవరూ దండం పెట్టి అడగరు, ఇచ్చినవాడు ఇచ్చానని చెప్పుకోడు. రేపు తన ఇంటికీ అదే తిరిగొస్తుందని తెలుసు. వాగులో చేపలు పట్టినా, వరి గట్లలో ఎలుకలు పట్టినా పంపకంలో ఉండేది వాటా. వాటా తీసుకున్నవాడు తల వంచడు. డబ్బాలో పడే పది రూపాయలు వాటా కాదు. అక్కడ అడిగేవాడు తన బిడ్డ ఎంత దీనంగా ఉందో నిరూపించాలి. ఇచ్చేవాడు చూసి తీర్పు చెబుతాడు.

చూపులకు నిలబడడం ఎలా ఉంటుందో ఎరుకల పెద్దలను అడగాలి. నేరస్థ జాతుల చట్టం కింద 1913లో స్టువార్టుపురం సెటిల్‌మెంటు పెట్టారు. అక్కడివాళ్లు మొహం చూపించి హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే అనుమతి కావాలి. చట్టం 1952లో పోయింది. జబ్బు బిడ్డ ఫోటోకు ఈ చట్టానికి సంబంధమేమిటని యువకులు అడగవచ్చు. రెండింటిలోనూ నిన్ను నువ్వు చూపించుకుంటేనే నీకు దక్కవలసింది దక్కుతుంది. ఆ పోలిక మాకు అతిగా అనిపించడం లేదు.

అయితే మొహానికి బలం లేదని చెప్పలేం. అమెరికాలో బోస్టన్ నగరంలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు పిల్లల కేన్సర్ మీద పనిచేసేవాడు. 1948 మే 22న ఒక రేడియో కార్యక్రమంలో ఆయన ఆసుపత్రిలోని పన్నెండేళ్ల కుర్రవాడితో మాట్లాడించారు. అసలు పేరు చెప్పకుండా ‘జిమ్మీ’ అన్నారు. వాడికిష్టమైన బేస్‌బాల్ జట్టు ఆటగాళ్లు అతని మంచం దగ్గరికి వచ్చారు. వాడికో టీవీ కొనడానికి 20 వేల డాలర్లు కావాలని అడిగితే రెండు లక్షలకు పైగా వచ్చాయి. అక్కడ పుట్టిన నిధి నేటికీ నడుస్తోంది. జిమ్మీ చనిపోయి ఉంటాడనే అందరూ అనుకున్నారు. 1998లో తెలిసింది, అతను బతికే ఉన్నాడు, లారీ నడుపుకుంటూ, మనవల్ని ఎత్తుకుని. యాభై ఏళ్లు ఆ పేరు చందాలు తెస్తూనే ఉంది, ఆ మనిషి మాత్రం తన ఊళ్లో తన పేరుతో ఎవరి జాలీ తగలకుండా బతికాడు. పేరు దాచడంలో ఎంత మర్యాద ఉందో ఇక్కడ కనిపిస్తుంది.

ఈ కథకు ముందు ఇంకో కథ ఉంది. అది మనకు దగ్గరిది. జిమ్మీ రేడియోలో మాట్లాడిన కొద్ది వారాలకే ఫార్బర్ ఒక వైద్య పత్రికలో తన ఫలితాలు అచ్చు వేశాడు. రక్త కేన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు అమినోప్టెరిన్ అనే మందు ఇస్తే 10 మందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. అప్పటిదాకా ఆ జబ్బు వచ్చిన బిడ్డను ఇంటికి పంపేయడం తప్ప దారి లేదు. ఆ మందు తయారైంది లెడర్లీ ప్రయోగశాలలో, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో. ఆయన జట్టే తెచ్చిన మెథోట్రెక్సేట్ ఈనాటికీ పిల్లల రక్త కేన్సర్ వైద్యంలో వాడుతున్నారు. సుబ్బారావు అమెరికా వెళ్లడానికి చేతిలో డబ్బు లేదు. కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇస్తామన్న సాయం, మామగారు కూడబెట్టి ఇచ్చిన డబ్బు ఆయనను ఓడ ఎక్కించాయి.

ఇక్కడ కాసేపు ఆగుదాం. ఆ దాతల ముందు ఏ బిడ్డ ఫోటో ఉంది? ఏదీ లేదు. చదువుకుంటానన్న ఒక యువకుడు ఉన్నాడు. పాతికేళ్ల తర్వాత ఆ డబ్బు ఏ దేశపు ఏ బిడ్డ మంచం దగ్గరికి చేరుతుందో వాళ్లకు తెలిసే వీలే లేదు. డబ్బాలో పది రూపాయలు వేసి మొహం గుర్తుంచుకునే దానం కంటే ఈ కంటికి కనపడని దానం ఎక్కువ పని చేసింది. మొహం చూస్తేనే మనసు కదులుతుందనేది పూర్తి నిజం కాదని చెప్పడానికి మాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

ఇంకో మందు సంగతి కూడా చెప్పాలి. మన గుడిసెల ముందు, సమాధుల దగ్గర పూసే బిళ్లగన్నేరు తెలుసు కదా. దాని సొంతగడ్డ మడగాస్కర్ దీవి. దాన్నుంచి తీసిన విన్‌క్రిస్టిన్ 1963 నుంచి పిల్లల కేన్సర్‌కు వాడుతున్నారు. పరిశోధకులు ఆ మొక్కను పట్టుకోవడానికి కారణం పల్లె జనం దాన్ని చక్కెర జబ్బుకు వాడటం. అమ్మకాల లాభంలో మడగాస్కర్ జనానికి వాటా రాలేదు. (ఇది చదివి ఆ ఆకు నూరి ఎవరూ తాగొద్దు, విషం. ఆసుపత్రిలో కొలిచి సూదితో ఎక్కించే మందు వేరు.) అడవి మనుషుల తెలివితో దొరికిన మందు అడవి మనుషుల బిడ్డకు అందడానికి డబ్బా పట్టుకోవాలంటే, ఆ డబ్బాలో పడేది దానమా, రావలసిన బాకీయా?

దీనికి ఎదురు మాట ఒకటుంది, చదువుకున్నవాళ్లే అంటారు. ఒక్క బిడ్డకు లక్షలు ఎందుకు, అదే డబ్బుతో వందమంది పిల్లలకు పాలు పోయవచ్చు కదా అని. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఈ లెక్క ఎవరి బిడ్డ దగ్గర వేస్తున్నారో చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదాని ప్రకారం ఏటా సుమారు 4 లక్షల మంది పిల్లలకు, కౌమారంలో ఉన్నవారికి కేన్సర్ వస్తుంది. సంపన్న దేశాల్లో వారిలో నూటికి 80 మందికి పైగా బతుకుతారు. చాలా పేద దేశాల్లో 30 మంది కూడా బతకరు. జబ్బు అదే, మందులు చాలామటుకు పాతవే. అక్కడ ఏ తండ్రినీ పాల లెక్క అడగలేదు. 2018లో ఆ సంస్థ పెట్టుకున్న గురి 2030 నాటికి అన్నిచోట్లా కనీసం 60 మందైనా బతకాలని. 2021లో అమెరికాలోని సెయింట్ జూడ్ ఆసుపత్రి పేద దేశాల పిల్లలకు మందులు ఉచితంగా అందించే ఏర్పాటుకు 20 కోట్ల డాలర్లు ప్రకటించింది. ఆ ఆసుపత్రి నడిచేది చాలామటుకు మామూలు జనం పంపే చిన్న చిన్న చందాలతోనే.

మన దగ్గరా కట్టినవాళ్లు ఉన్నారు. ఎన్టీఆర్ భార్య బసవతారకం కేన్సర్‌తో పోయాక ఆమె పేరున హైదరాబాదులో ఆసుపత్రి లేచింది, 2000లో తెరుచుకుంది. అందులో అమెరికా తెలుగువాళ్ల చెయ్యి ఉంది. గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో నాట్కో ట్రస్టు కేన్సర్ విభాగం కట్టించింది. కంటి కేన్సర్ పిల్లల కోసం ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి హైదరాబాదులో పరుగు పెడుతుంది. ఆరోగ్యశ్రీ 2007లో మూడు జిల్లాల్లో మొదలై మరుసటి ఏడాదికి రాష్ట్రమంతా వచ్చింది. అంతకుముందు ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీ పెట్టుకుని ఎదురుచూడాలి. అర్జీ నుంచి కార్డుకు రావడం చిన్న మార్పు కాదు. కార్డు చూపితే చాలు, కన్నీళ్లు చూపక్కర్లేదు. కానీ ఆధార్ లేక, రేషన్ కార్డు లేక ఆ గడప దగ్గరే ఆగిపోయే యానాది కుటుంబాలు ఇంకా ఉన్నాయి. వాళ్ల బిడ్డ కోసం చందా వేసేముందు వాళ్ల కాగితాల కోసం మండలాఫీసు చుట్టూ తిరిగే మనిషి కావాలి. చదువుకున్న మన యువకులు ఇవ్వగలిగిన పెద్ద చందా అదే.

కార్డు ఉన్నా మిగిలిపోయే ఖర్చు ఉంది. రక్త కేన్సర్ వైద్యం రెండు మూడేళ్లు సాగుతుంది. మిరప కోతలప్పుడు తల్లి ఆసుపత్రిలో కూర్చుంటే ఆ రోజుల కూలి పోతుంది. మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు మెడకు ఉంటుంది. బస్సు చార్జీలు, పట్నంలో పడుకోవడానికి చోటు, ఇంటి దగ్గర వదిలిన చిన్నబిడ్డ. రెండో నెలలో బిడ్డ కాస్త తేరుకోగానే నయమైందనుకుని తిరిగి వచ్చేస్తారు. పేద దేశాల్లో ఎందరో పిల్లలు పోయేది ఇలా మధ్యలో ఆపేయడం వల్లే. ముంబైలో 2006లో మొదలైన సెయింట్ జూడ్ ఇండియా సంస్థ ఈ సంగతి పట్టుకుంది. మందులు కాదు, వైద్యం జరిగినన్నాళ్లు కుటుంబానికి ఉచితంగా గది, వంట చోటు ఇస్తుంది. హైదరాబాదులోనూ వాళ్ల కేంద్రం ఉంది. మన తండాలు, సంగాలు చందా వేస్తే ఇలాంటిదానికి వేయాలి. ఆపరేషన్ డబ్బు సర్కారును నిలదీసి తీసుకోవాలి. బస్సు చార్జీ, పోయిన కూలి మనం పంచుకోవాలి. దానికి ఫోటో అక్కర్లేదు, పేరు కూడా అక్కర్లేదు. ముందే ఇంటికింత అని పక్కన పెట్టుకుంటే ఎవరి బిడ్డకు అవసరమైతే వాళ్లు తీసుకుంటారు.

మొహం లేకపోతే బయటివాళ్లు ఎవరిస్తారు సార్ అని మా మిత్రుడైన ఒక ఉపాధ్యాయుడు అడిగాడు. తక్కువే వస్తుంది, ఒప్పుకోవాలి. అప్పుడు తల్లిదండ్రులే నిర్ణయించుకోవాలి. బిడ్డ ఆరేడేళ్లు దాటితే బిడ్డనూ అడగాలి. రేపు బడికి తిరిగి వచ్చినప్పుడు ఆ ఫోటో తోటిపిల్లల ఫోన్లలో ఉంటుంది.

ఉపాధ్యాయులకు ఒక మాట. ఆశ్రమ పాఠశాలలో పిల్లల్ని రోజూ చూసేది మీరే. వారాల తరబడి తగ్గని జ్వరం, తెల్లగా పాలిపోవడం, దెబ్బ తగలకుండానే ఒంటిమీద నీలి మచ్చలు, మెడలోనో పొట్టలోనో గడ్డ, పొద్దున్నే తలనొప్పితో వాంతులు, ఫోటో తీస్తే కంటిపాపలో తెల్లటి మెరుపు. వీటిని చూసి త్వరగా పంపితే ఏ చందా కంటే ఎక్కువ. అన్నీ కేన్సర్ కావు. చూపించుకుంటే పోయేదేమీ లేదు.

ఒక చిక్కు మిగిలింది, దానిమీద మాలో మాకే వాదన ఉంది. చందా పోగయ్యాక బిడ్డ దక్కకపోతే మిగిలిన డబ్బు ఎవరిది? ఇంకో బిడ్డకు పోవాలని కొందరం అంటాం. బిడ్డ పేరున వచ్చింది కనుక కన్నవాళ్లదేనని కొందరం అంటాం. మా ఎక్కువమంది మాట ఇది. మేస్త్రీ అడ్వాన్సు, ఆసుపత్రి రోజుల్లో తెచ్చిన అప్పు ముందు తీర్చాలి, ఎందుకంటే అదీ జబ్బు ఖర్చే. ఆ తర్వాత ఏమైనా మిగిలితే ఏం చేయాలో తల్లిని అడగాలి. అదీ దినం మర్నాడు కాదు, కొన్ని నెలలు ఆగి.