దొరికిన చప్పుడు

మా మేనల్లుడు చేసే సంగీతానికి వీణ అక్కర్లేదు, మృదంగం అక్కర్లేదు. రైతుబజార్లో తక్కెడలో తూకం రాళ్లు పడే చప్పుడు, బందరు కాలవ రేవులో బట్టలుతికే చప్పుడు, పెడనలో కలంకారీ అచ్చు గుడ్డ మీద దిగే చప్పుడు పట్టుకొస్తాడు. కంప్యూటర్లో కోస్తాడు, అతుకుతాడు, సాగదీస్తాడు. చివరికి ఆరేడు నిమిషాల ముక్క ఒకటి తేలుతుంది. దాన్ని సంగీతం అంటాడు. అననీ. నా పేచీ ఆ మాటతో కాదు, ముడిసరుకుకి వాడు పెట్టిన పేరుతో. "దొరికిన శబ్దాలు మావయ్యా" అంటాడు.

దొరికింది అంటే ఎవరో పోగొట్టుకున్నది. బస్సులో గొడుగు దొరికితే కండక్టరు చేతికిస్తాం. రోడ్డు మీద దొరికిన ఉంగరాన్ని వేలికి పెట్టుకు తిరిగేవాణ్ణి ఏమంటామో చెప్పక్కర్లేదు. మరి చప్పుడు దొరికితే ఎవరికివ్వాలి? నేను తీసుకున్నంత మాత్రాన అవతలివాళ్ల దగ్గర తరిగిపోదు కాబట్టి అది దొంగతనం కాదంటాడు వాడు. నిజమే. అయినా మనసు ఒప్పుకోదు. ఎందుకు ఒప్పుకోదో తేల్చుకుందామని ఇది రాస్తున్నాను. తేలుతుందన్న నమ్మకం లేదు.

పైగా ఈ గొడవలో నేను బయటివాణ్ణి కాను. వాడి ముక్కల్లో ఒకదానికి చప్పుడు ఇచ్చింది నేనే.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు పొంగి మా విజయవాడ సింగ్‌నగర్ మీద పడ్డ రోజు. మాది రెండో అంతస్తు. కింది వాటా ఆవిడ, ఆవిడ భర్త, మంచం దిగలేని అత్తగారు మా ఇంట్లోకి వచ్చేశారు. ముసలావిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి నలుగురం మోశాం. కరెంటు లేదు. చుట్టూ నీళ్లే, తాగడానికి గ్లాసుడు లేవు. ఆవిడ గంటకోసారి కొవ్వొత్తి పట్టుకుని మెట్ల దాకా వెళ్లొచ్చేది. ఎన్ని మెట్లు ములిగాయో చూసుకోడానికి. పడుకోమని చెప్పినా వినేది కాదు.

అర్ధరాత్రి దాటాక మెలకువ వచ్చింది. ఠంగ్. కాసేపు ఏమీ లేదు. ఠంగ్, ఠంగ్. మళ్లీ ఏమీ లేదు. ఈసారి ఖాళీ ఇంకొంచెం పొడుగు. లేచి వెళ్లి పై మెట్టు మీద కూర్చున్నాను. కింద చీకట్లో ఏదో తేలుతూ ఇనప గ్రిల్లుకి కొట్టుకుంటోంది. గ్యాస్ బండ అనుకున్నాను. పగలు వీధిలో ఎర్ర బండలు రెండు బంతుల్లా తేలుతూ పోవడం చూశాను. అంత బరువు నీళ్ల మీద తేలుతుందని ఆ రోజే తెలిసింది.

దెబ్బ దెబ్బకీ శ్రుతి మారుతోంది. గ్రిల్లుకి ఎక్కడ తగిలిందో, ఎంత వాలి తగిలిందో దాన్ని బట్టి. చివర్న చిన్న జీర. మధ్యలో కప్పలు. దూరంగా ఏ డాబా మీదో చిక్కుకుపోయిన కుక్క. చిన్నప్పట్నుంచీ రేడియో విన్న చెవికి అది ఘటం మీద తీరిగ్గా పడుతున్న వేళ్లలా ఉంది. ఆదితాళం కాదు, ఖండచాపు కాదు. అయినా తాళం తప్పిందని అనిపించదు. ఆ వేళ దాకా గుండెలో ఉన్న దడ ఎటు పోయిందో పోయింది. ఫోను తీసి రికార్డు నొక్కాను. పదకొండు నిమిషాల నలభై సెకన్లు. మొదలెట్టినప్పుడు ఛార్జింగు పన్నెండు శాతం. ఆపినప్పుడు తొమ్మిది.

పొద్దున ఆవిడ వచ్చి, "అన్నయ్యగారూ, గుంటూర్లో మా పిల్లాడికి ఒక్క ఫోను చేసిస్తారా, కంగారు పడుతుంటాడు" అంది. ఫోను అప్పటికి ఆరిపోయింది. "ఛార్జింగ్ అయిపోయిందమ్మా" అన్నాను. అబద్ధం కాదు. అలాగని నిజమూ కాదు.

కొన్ని నెలల తర్వాత మావాడు దాన్ని ఆరు నిమిషాలకి కుదించి, హైదరాబాదులో ముప్ఫై మంది పట్టే గదిలో వినిపించాడు. నేనూ వెళ్లాను. అందరూ కళ్లు మూసుకుని విన్నారు. అయిపోయాక నా పక్కనున్న కుర్రాడు, "ఎంత ప్రశాంతంగా ఉందండీ" అన్నాడు. నాకు కోపం రావాలి. రాలేదు. ఆ రాత్రి మెట్టు మీద నాకూ అచ్చం అలాగే అనిపించింది మరి.

అంతా నాదబ్రహ్మమే, ఇందులో తప్పేముంది అని సర్దిచెప్పేవాళ్లున్నారు. ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. అంతా నాదమే అయితే ఇక దేన్నీ వినక్కర్లేదు. వరదా నాదమే, ఊరేగింపులో డీజే కూడా నాదమే. ఆహతం, అనాహతం అని విడదీసిన శాస్త్రం ఇంతకంటే నిజాయితీగా మాట్లాడింది. ఆహతమంటే దెబ్బ తగిలి పుట్టినది. అయితే ఆ దెబ్బ ఎవరికి తగిలిందని శాస్త్రమూ అడగలేదు.

పారిస్ రేడియోలో పనిచేసిన పియెర్ షెఫేర్ అయితే అడగొద్దనే అన్నాడు. 1948 అక్టోబరు 5న ఆయన చప్పుళ్లతో చేసిన ఐదు రచనలు రేడియోలో వచ్చాయి. ఒకటి రైలింజన్లతో. ఇంకోదాంట్లో వంటింటి గిన్నెలు. రైలు అని తెలుస్తున్నంతసేపూ అది రైలే. రైలుని మరిచిపోయాకే అందులోని ఒరుపు, ఊపు, బరువు వినబడతాయి. స్థూలంగా ఆయన వాదం ఇది. అందుకే గ్రామఫోను రికార్డు మీద గాడిని సున్నాలా చుట్టి, ఒకే ముక్కని తిప్పితిప్పి వినిపించాడు. మన పేరునే యాభైసార్లు పైకి అనుకుంటే మనిషి పోయి అక్షరాలు మిగులుతాయి చూడండి, అలాగ.

ఆ తర్వాత రెండు నెలలైనా కాకుండా, 1948 డిసెంబరు 1న, మన విజయవాడ రేడియో కేంద్రం మొదలైంది. మా ఇంట్లో గడియారం అదే. భక్తిరంజనితో లేవడం, వార్తలతో అన్నాలు, ఉషశ్రీ గొంతు వినబడితే పిల్లలంతా నోరు మూసుకోవడం. నాటకం వచ్చే రాత్రి దీపం తగ్గించి కూర్చునేవాళ్లం. రేడియో నాటకంలో కొబ్బరి చిప్పలు గుర్రం అవుతాయి, రేకు ఊపితే ఉరుము అవుతుంది. నండూరి సుబ్బారావు మాట్లాడుతుంటే వెనక ఏదో తలుపు కిర్రుమనేది. మా నాయనమ్మ మా వీధి తలుపు వైపు చూసేది. షెఫేర్ రైలుని రైలు కాకుండా చేస్తే, మనవాళ్లు చిప్పని గుర్రం చేశారు. దారులు ఎదురెదురు, చేసిన పని ఒకటే. మోగిన వస్తువుని చెరిపేశారు. దానివల్ల చిప్పకి పోయిందేమీ లేదు, గుర్రానికీ లేదు.

అసలు కచేరీలో మనం చేసేదేమిటి? మృదంగం మోగుతుంటే తోలు సంగతి ఎవరు తలుస్తారు? మృదంగం చేసే చేతుల గురించి టి.ఎం.కృష్ణ 2020లో ఏకంగా పుస్తకం రాయాల్సి వచ్చింది. ఘటం కుండే. మన కూచిపూడిలో తరంగానికి కాళ్ల కింద ఇత్తడి పళ్లెం, తల మీద నీళ్ల చెంబు, రెండూ వంటింటి సామానే. దొరికిన వస్తువులతో మనమూ ఎప్పట్నుంచో ఆడుతున్నాం, పాడుతున్నాం. మావాణ్ణి ఒక్కణ్ణే ఎందుకు నిలదీయాలి?

ఇక్కడికొచ్చేసరికి నా వాదం నా చేతిలోనే విరిగింది.

మా నాన్న గుర్తొచ్చాడు. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత దివిసీమకి బియ్యం బస్తాలతో వెళ్లిన లారీలో ఆయన ఉన్నాడు. తిరిగొచ్చాక ఎన్ని శవాలు, ఎన్ని ఊళ్లు అని అందరూ అడిగారు. ఆయన అవేవీ చెప్పలేదు. "పొద్దున్నే కాకి అరవలేదురా" అన్నాడు. అంతే. ఆ నిశ్శబ్దాన్ని ఏ యంత్రమూ పట్టుకోలేదు, పట్టినా అందులో ఏమీ వినబడదు. నలభై ఏడేళ్లుగా ఆ మాట నా చెవిలో ఉంది, ఒక్కసారి కూడా అది ప్రశాంతంగా వినబడలేదు. అయితే యంత్రం మానేసి మాటల్లోనే చెప్పుకోవాలా? అది కూడా ఒప్పుకోలేను. మాటలతో మా నాన్నంత జాగ్రత్తగా ఉండేవాళ్లు ఎందరు?

ఇంకో దారి చూశాను. 1952లో జాన్ కేజ్ పియానో ముందు మనిషిని నాలుగు నిమిషాల ముప్ఫై మూడు సెకన్లు ఏమీ వాయించకుండా కూర్చోబెట్టి, ఆ వేళ చుట్టూ వినబడిన చప్పుళ్లనే రచనగా వినమన్నాడు. అంతకు ముందే, 1946లో, అహ్మదాబాదు నుంచి న్యూయార్కు వెళ్లిన గీతా సారాభాయ్ ఆయనకి మన సంగీతం చెప్పింది. సంగీతం దేనికి అని అడిగితే, మనసుని నిమ్మళపరచడానికి అన్న తన గురువు మాట చెప్పిందట. కేజ్ దాన్ని పట్టుకుని దశాబ్దాలు నడిచాడు. మంచి మాటే. హైదరాబాదు కుర్రాడు చెప్పింది కూడా అదే. మెట్టు మీద నాకు జరిగింది కూడా అదే. నన్ను కలవరపెడుతున్నది సరిగ్గా ఆ నిమ్మళమే. కిందింటివాళ్ల కాపురం నీళ్లలో నానుతుంటే నాకు మనసు నిమ్మళించింది. అది సంగీతం గొప్పతనమా, నా లోపమా? ఆ పదకొండు నిమిషాలూ నేను శ్రోతని. ఛార్జింగు మాత్రం పొరుగువాడిది.

షెఫేర్ 1986లో ఒక ఇంటర్వ్యూలో, నలభై ఏళ్ల శ్రమ తర్వాత స్వరాలు దాటి సంగీతం లేదని తేలిందని, తన జీవితం వృథా అయిందని అన్నాడు. అది చదివి సంతోషించాను. కాసేపటికి సిగ్గేసింది. ఓ ముసలాయన నిస్పృహని నా వాదానికి సాక్ష్యంగా తెచ్చుకోవడం కూడా, దొరికింది కదా అని వాడుకోవడమే.

చివరికి వాదించుకోవడం మాని కిందికి దిగాను. ఆవిడ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. అన్నీ చెప్పేశాను. రికార్డింగు, మూడు శాతం ఛార్జింగు, హైదరాబాదు.

"ఛార్జింగుండి మాత్రం ఏం చేద్దురు అన్నయ్యగారూ, ఆ పొద్దున సిగ్నలెక్కడేడిసింది?" అంది. నెలల తరబడి మోసిన నేరాన్ని చిక్కుడు ఈనెతో పాటు అవతల పారేసింది.

మావాడి ముక్క వినిపించాను. నాలుగు దెబ్బలు పడ్డాయో లేదో, "బండ కాదండీ, ఇది మా బిందె" అంది. "మా బండలు రెండూ ఆయన ముందే మేడ మీదికి చేర్చారు. మా అమ్మ పెట్టిన ఇత్తడి బిందె ఇది. మూతి దగ్గర సొట్టుంది, అందుకే చివర్న జీర." లోపలికెళ్లి తెచ్చి, వేలి కణుపుతో కొట్టింది. అదే జీర.

ఏ వస్తువుని మరిచిపోయామని ఇన్నాళ్లూ కుమిలానో ఆ వస్తువు అక్కడ లేనే లేదు. మూలాన్ని మరిచి వినాలన్న షెఫేర్‌కీ, మరవకూడదని గింజుకున్న నాకూ ఒకటే ధీమా, మూలమేదో మనకి తెలుసని.

ముక్క అయిపోయింది. ఆవిడ కాసేపు ఆగి, "నేను మెట్లు లెక్కెట్టింది లేదేంటండీ?" అంది.

ఉంది. అసలు రికార్డింగులో అయిదో నిమిషంలో ఉంది. కొవ్వొత్తితో వచ్చి, బిందె దెబ్బల మధ్యలో ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుంటూ, "తొమ్మిది. తొమ్మిది ములిగినయ్" అని చెప్పి వెళ్లింది. మావాడు కోసేశాడు. మాటలుంటే చెవి అర్థం వెంట పోతుందని. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులని ఊరూవాడా చెప్పుకున్నారు. 1957లో బ్యారేజీ వాడుకలోకి వచ్చింది మొదలు అంత నీరు చూడలేదు. కృష్ణ లెక్క రాసుకోడానికి మనుషులున్నారు. బుడమేరు మా మెట్ల మీద ఎంత ఎక్కిందో లెక్క పెట్టిన గొంతు ఒక్కటే, ఆవిడది.

మావాడికి ఫోను చేసి అడిగాను. "ఆ గొంతు పెడితే సంగీతం కాదు మావయ్యా, వార్త అయిపోతుంది" అన్నాడు. వాడిదీ తప్పనలేను. కోత లేకుండా కళ లేదు. భక్తిరంజనిలో పాడేవాళ్ల దగ్గు నేనెప్పుడూ వినలేదు, వినిపించమని అడగనూ లేదు. ముక్క మార్చమని వాణ్ణి అడగలేదు.

నాకు తెలిసింది మళ్లీ ఆ గొడుగు సంగతే. దొరికిన గొడుగు దగ్గరున్నంతసేపూ వానకి వేసుకుంటే వేసుకుంటాం, అది పాపమో పుణ్యమో అంత తేలిగ్గా తేలదు. కానీ దాని మనిషి వచ్చి ఆనవాలు చెబితే మాత్రం ఇచ్చెయ్యాలి. సొట్ట ఎక్కడుందో ఆవిడ చెప్పింది. ఏది పోయిందో కూడా చెప్పింది. ఇంతకంటే ఏం ఆనవాలు కావాలి?

పదకొండు నిమిషాల నలభై సెకన్లూ, కోత లేకుండా, ఆవిడ వాట్సాప్‌కి పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. విన్నదో లేదో అడగలేదు.