గొడ్డలి ఎక్కడ దించాలి?

చైత్ర పౌర్ణమి దగ్గర పడిందంటే మన పిల్లల నోట ఒకటే మాట: సలేశ్వరం ఎప్పుడు పోదాం? నాగర్‌కర్నూల్ నుంచే కాదు, వనపర్తి, గద్వాల దిక్కు తండాల నుంచి కూడా లింగమయ్య జాతరకు వస్తారు. అట్లాంటి ఒక ఏడాది పదో తరగతి రాసిన పిల్లలు ఆరుగురితో నేనూ బయలుదేరాను. పొద్దుగూకిందని అడవిలోకి పోకుండా అంచున తెలిసినవాళ్ల చేనులో పడుకున్నాం. నిప్పు వేసుకున్నాం.

నడిరాత్రి ఆకులు చప్పుడయ్యాయి. నేను లేచేసరికే వనపర్తి దిక్కు నుంచి వచ్చిన పిల్లవాడు ఒకడు బ్యాగులోంచి పొడవాటి కత్తి తీసి నిలబడ్డాడు. చేతులు వణుకుతున్నాయి. చీకట్లోంచి ఒక దగ్గు వినబడింది. తర్వాత చెంచు తాత ఒకాయన కనబడ్డాడు. భుజాన గొడ్డలి ఉంది. మా నిప్పుకు పదడుగుల దూరంలో ఆగి గొడ్డలి కింద పెట్టి, ఒట్టి చేతులతో దగ్గరికి వచ్చాడు. బీడీకి నిప్పు కావాలన్నాడు.

కత్తి చూసి ఆయన కోపం చేయలేదు. "ఏం బిడ్డా, నిప్పుండంగ కత్తెందుకు?" అన్నాడు.

"మీద్దెచ్చుకున్న గొడ్డలెందుకు తాతా మరి?" అన్నాడు పిల్లవాడు, సిగ్గుతోనే.

"కట్టె కొట్టనీకి. తేనెకు పోతున్న."

ఆ తాత వెళ్లిపోయాడు. ఆ పిల్లవాడు మాత్రం తెల్లవారేదాకా నిద్రపోలేదు. ఆ దగ్గు ఒక్క క్షణం ఆలస్యమైతే ఏం జరిగేదని వాడు నన్ను అడిగాడు. నేను జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ జవాబు కోసమే.

అడవిలో రాత్రి గడిపేవాడు ఆత్మరక్షణకు ఆయుధం పట్టుకోవచ్చా? తలుపు గొళ్లెం పెట్టుకుని పడుకునేవాడు దీనికి తేలిగ్గా "వద్దు" అంటాడు. మనం అట్లా అనలేం. అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,600 చదరపు కిలోమీటర్లకు పైనే ఉంటుంది. దాని నడుమ మన పెంటలున్నాయి. పులి, చిరుత, ఎలుగుబంటి మనకు బొమ్మల పుస్తకంలోవి కావు. ఇప్పపూలు రాలే కాలంలో తెల్లవారుజామున ఆడవాళ్లు ఏరడానికి పోతే, అదే చెట్టు కిందికి ఎలుగుబంటి కూడా వస్తుంది. వాళ్లతో "అహింస పాటించండి" అని చెప్పే హక్కు ఎవరికీ లేదు.

హైమెండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త 1940లో అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచులతో ఉండి, 1943లో వాళ్ల మీద పుస్తకం అచ్చువేశాడు. విల్లంబులు చేతిలో లేని చెంచును ఆ రోజుల్లో ఊహించుకోలేం. కానీ ఆ విల్లు కడుపు కోసం. గడ్డలు తవ్వే గుంజకు, గొడ్డలికి, విల్లుకు ఒకటే పని: బతుకు తెరువు. మనిషిని పొడవడానికే పుట్టిన వస్తువు ఆ సామానులో లేదు.

ఇక్కడ ఒక తేడా గట్టిగా పట్టుకోవాలి. పనిముట్టు వేరు, ఆయుధం వేరు. రెండూ ఇనుమే, రెండింటికీ పదును ఉంటుంది. పనిముట్టుకు పగలంతా పని ఉంటుంది, ప్రమాదం వస్తే అది అక్కరకొస్తుంది. ఆయుధానికి ప్రమాదం వస్తే తప్ప పనే ఉండదు. అందుకే అది ప్రమాదం కోసం ఎదురుచూస్తుంది. నిజానికి ఎదురుచూసేది కత్తి కాదు, అది పట్టుకున్న మనసు. కత్తి దగ్గరుందని తెలిసిన మనసుకు ఆకుల చప్పుడు పులిలా, బీడీ నిప్పు అడగవచ్చిన తాత దొంగలా కనిపిస్తారు.

చట్టం కూడా కొంతవరకు ఈ తేడానే చూస్తుంది. 1959 ఆయుధాల చట్టం పదునైన మారణాయుధాలను లెక్కలోకి తీసుకుంటుంది కానీ, ఇంటికి, వ్యవసాయానికి మాత్రమే వాడే వస్తువులను, లాఠీని, చేతికర్రను వదిలేస్తుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో పోకూడదు. అయితే తన ప్రాణమో, తోటివాడి ప్రాణమో కాపాడుకోవడానికి సద్బుద్ధితో జంతువును గాయపరిచినా, చంపినా నేరం కాదని అదే చట్టం చెబుతుంది. కానీ ఆ సమయంలో అతను ఆ చట్టాన్ని ఉల్లంఘించే పనిలో ఉంటే ఆ రక్షణ దొరకదు. మనుషుల విషయంలో, 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత కూడా ఆత్మరక్షణ హక్కును ఒప్పుకుంటుంది. దానికి ఒక కట్టుబాటు ఉంది: కాపాడుకోవడానికి ఎంత అవసరమో అంతకు మించి హాని చేయకూడదు. 2006 అటవీ హక్కుల చట్టం తేనె, వెదురు, మైనం వంటి వాటి మీద మనకు హక్కు ఇచ్చింది. వేట మీద ఇవ్వలేదు.

కాబట్టి హక్కు ఉంది. ప్రశ్న హక్కు గురించి కాదు, మంచి గురించి.

నాకు ఎదురయ్యే మొదటి అభ్యంతరం గట్టిది. గాంధీయే 1920లో, పిరికితనం, హింస ఈ రెండే దారులైతే హింసనే ఎంచుకోమంటానని రాశాడు. అదే 1940లో, హైమెండార్ఫ్ మన దగ్గర ఉన్న ఏడాదే, ఆసిఫాబాద్ అడవుల్లో జోడేఘాట్‌లో కొమురం భీమ్ నిజాం బలగాలతో పోరాడి చనిపోయాడు. ఆయుధం వద్దంటే భీమ్‌ను కాదన్నట్టా? కాదు. భీమ్ వెనక ఊళ్లున్నాయి, భూమి గురించిన అడుగుదల ఉంది, ముందు విన్నపాలున్నాయి. అది నలుగురికీ తెలిసి, నలుగురూ మోసిన నిర్ణయం. బ్యాగు అడుగున బట్టల మధ్య దాచిన కత్తి గురించి పక్కన పడుకున్న స్నేహితుడికి కూడా తెలియదు. పేరు ఒకటే కావచ్చు, ఆ రెండూ ఒకటి కావు.

రెండో అభ్యంతరం మన ఆడపిల్లలది. జంతువుల కంటే మనుషులే భయం అంటారు వాళ్లు. అది నిజం. ఆ భయాన్ని నేను తక్కువ చేయను. చేతిలో కొడవలి ఉన్న ఆడమనిషి తనను కాపాడుకుంటే నేను ఆమె పక్షమే. కానీ ఆమె చేతిలో కొడవలి పెట్టి మన బాధ్యత తీరిందనుకుంటే అది మన పిరికితనం. ఒంటరిగా పోవలసిన అవసరం లేకుండా చూడడం ఊరి పని.

మూడో మాట చేదుగా ఉంటుంది. పట్నం నుంచి వచ్చిన కుర్రవాడి బ్యాగులో కత్తి ఉంటే అది క్యాంపింగ్ సామాను. మన పిల్లవాడి నడుముకు ఉంటే అది నేరం. 1871లో ఆంగ్లేయులు తెచ్చిన నేరస్థ జాతుల చట్టం ఎరుకల వంటి జాతులను పుట్టుకతోనే దొంగలను చేసింది. 1952లో ఆ చట్టం పోయింది, చూపు మాత్రం పూర్తిగా పోలేదు. నల్లమలలో దళాలు, పోలీసులు ఇద్దరూ తుపాకులతో తిరిగిన కాలం మన పెద్దలకు గుర్తుంది. 2004 అక్టోబరులో హైదరాబాదులో చర్చలు జరిగాయి, నిలవలేదు. ఆ ఇద్దరి నడుమ ఒట్టి చేతుల మనిషి కూడా రెండు వైపులా అనుమానమే మోశాడు. ఈ అన్యాయాన్ని ఎదిరించాలి. కానీ దాన్ని ఎదిరించడానికి కత్తి పనికిరాదు, కత్తి ఆ అనుమానానికే సాక్ష్యం అవుతుంది.

మరి అడవిలో మనల్ని కాపాడేది ఏది? మొదటిది నిప్పు. రెండోది చప్పుడు. ఎలుగుబంటి ఎక్కువగా ఉలికిపడినప్పుడే మీదపడుతుంది, మాట్లాడుకుంటూ నడిచేవాళ్ల దారి నుంచి అది ముందే తప్పుకుంటుంది. మూడోది కుక్క. నాలుగోది తోడు. తేనె కోసం చెంచు కొండచరియ మీద నుంచి తాడు పట్టుకుని దిగేటప్పుడు, పైన ఆ తాడు దగ్గర బావమరిదిని నిలబెడతారని మనందరికీ తెలుసు. తన అక్కచెల్లెళ్లు విధవలు కావాలని ఏ బావమరిదీ కోరుకోడు. కిందికి దిగేవాడి చేతిలో ఎంత పదునైన కత్తి ఉన్నా, పైన తాడు పట్టినవాడి మీద నమ్మకం లేకపోతే వాడు దిగలేడు. మన పెద్దలు రక్షణను చేతిలో కాదు, చుట్టరికంలో పెట్టారు.

నేను చివరికి చేరింది ఇది. అడవికి గొడ్డలి తీసుకుపోవచ్చు, పని ఉంటే. దాన్ని అందరికీ కనబడేలా భుజాన వేసుకోవాలి, దాచకూడదు. ప్రాణం మీదికి వస్తే దాన్ని వాడుకున్నవాడిని నిందించకూడదు. కానీ మనిషిని గాయపరచడానికి తప్ప దేనికీ పనికిరాని వస్తువును మన పిల్లలు మోయకూడదు. దాని బరువు బ్యాగులో కాదు, మనసులో ఉంటుంది.

ఉపాధ్యాయులకు ఒక మనవి. పిల్లల బ్యాగులు వెతకడం కంటే ముందు, వాళ్లు దేనికి భయపడుతున్నారో అడగండి. ఆ రాత్రి నేను అడగలేదు, అది నా తప్పు. మరుసటి రోజు దారిలో వాడే చెప్పాడు: అడవంటే కాదు సార్, తెలియని మనుషులంటే భయం అని.

ఆ తాత కూడా మాకు తెలియని మనిషే. ఆరుగురు కుర్రవాళ్లు కూర్చున్న చోటికి చీకట్లో ఒంటరిగా వచ్చాడు కాబట్టి, భయపడవలసింది నిజానికి ఆయనే. అయినా ఆయన ముందు దగ్గాడు, గొడ్డలి దించాడు, తర్వాత అడుగు వేశాడు. గొడ్డలి ఎత్తడం ఎవరైనా నేర్పగలరు. ఎక్కడ దించాలో మన పెద్దల దగ్గర నేర్చుకోవాలి.