తలుపు ప్రక్కనున్న చీటీ

అమెరికా దేశపు రైతు వెనుక సరుకుతొట్టి గల పికప్ ట్రక్కు కొనబోవునప్పుడు, ఒకే బండి అనేక తరగతులుగా అతని యెదుట నిలుచును. ఫోర్డ్ ఎఫ్-150నే చూడుడి. ఎక్స్ఎల్ పనికొరకైన సాదా బండి. దానిపైన ఎక్స్ఎల్‌టి, లారియట్, కింగ్ ర్యాంచ్, ప్లాటినం మొదలగు మెట్లున్నవి. మెట్టు ఎక్కినకొలది తోలు సీట్లు, పెద్ద చక్రములు, వాటితోపాటు ధర. 84 నెలల వాయిదాలకు అప్పిచ్చువారును కలరు.

మంచి సీటు కోరుట పాపమా? కాదు. నడుము నొప్పి గలవాడు దినమంతయు బండి తోలవలసినయెడల అది అవసరమే. అయితే ఒక సంగతి గమనింపుడి. డ్రైవరు తలుపు తెరచినచో ప్రక్క స్తంభముమీద ఒక చీటీ కనబడును. మనుష్యులును సరుకును కలిసి ఇంత బరువునకు మించరాదని దానిలో వ్రాసియుండును. ఇంజను, చట్రము ఒక్కటే అయినను, సొగసులు హెచ్చిన బండికి ఆ సంఖ్య సాధారణముగా తగ్గును. ఏలయనగా సొగసులకును బరువున్నది. అది మోయగల సరుకులోనుండి తీసివేయబడును.

మన జీవితమును ఇట్టిదే గదా? బండియైనను, ఇల్లైనను, కుమార్తె పెండ్లియైనను, నలుగురిలో ఘనతకొరకు చేసిన అప్పు మన బలమును తినివేయును. పొరుగువాడు కష్టములో పిలిచిన దినమున అతని భారము ఎత్తుకొనుటకు మనయందు చోటుండదు. గోపురము కట్టువాని లెక్కనుగూర్చి లూకా 14వ అధ్యాయములో మనమెరిగినదే. కొనకముందే కూర్చుండి అడుగుకొందము: ఇది ఏ బరువు మోయుటకు? ఎవరికొరకు?