తల్లి చెవి

తల్లి ప్రేమ పుట్టుకతో వచ్చేదా, లేక ఏదో ఒక కారణాన్ని ఆనుకుని పుట్టేదా? మైత్రి ఎలా ఉండాలో చెప్పవలసి వచ్చినప్పుడు కరణీయ మెత్త సుత్తం ఒక్కగానొక్క బిడ్డను ప్రాణమొడ్డి కాపాడుకునే తల్లినే ఉదాహరణగా చూపింది. మన విహారాల్లో ఆ సుత్తాన్ని భక్తిగా వల్లిస్తాం గాని, ఆ తల్లికి ఆ ప్రేమ ఎక్కడి నుంచి వచ్చిందని అడగం. 'అది స్వభావం' అని ఊరుకుంటే ఎదుటి పక్షం వాదనను మనమే ఒప్పుకున్నట్టవుతుంది. ప్రేమ స్వభావమైతే ద్వేషమూ స్వభావమే. ఒకరి పుట్టుకలో సేవ, మరొకరి పుట్టుకలో ఏలుబడి రాసి ఉన్నాయన్న పాత మాటకు కూడా అక్కడ చోటు దొరుకుతుంది.

మాలో ఈ ప్రశ్నను గట్టిగా రేపినవి టర్కీ కోళ్లు. నిరుడు వేసవిలో అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో మా అమ్మాయి ఇంట రెండు నెలలు ఉన్నాం. పొరుగున ఒక రైతు దంపతులు బోర్బన్ రెడ్ అనే పాత జాతి టర్కీలను పెంచుతున్నారు. ఆ రాష్ట్రంలోని బోర్బన్ కౌంటీ పేరే ఆ జాతికి వచ్చింది. అసలు టర్కీ అన్న పేరే ఒక పొరపాటు. ఆ పక్షి పుట్టిల్లు అమెరికా ఖండం. మెక్సికోలో దాన్ని మచ్చిక చేశారు. ఇంగ్లీషువాళ్లు దానికి తుర్కుల దేశం పేరు పెడితే, తుర్కులేమో మన దేశం పేరు మీద 'హిందీ' అంటారు. 1612లో గోవా నుంచి జహంగీరు కొలువుకు వచ్చిన ఒక టర్కీని చిత్రకారుడు మన్సూర్ బొమ్మ గీశాడు. ఎక్కడికి పోయినా దానికి పేరు పెట్టింది ఇతరులే. ఆ సంగతిలోని బాధ ఈ పత్రిక పాఠకులకు విడమరచి చెప్పనక్కర్లేదు.

పాత జాతి అంటే ఏమిటో కూడా చెప్పాలి. అవి వాటంతటవే జతకడతాయి, ఆరుబయట ఏళ్ల తరబడి బతుకుతాయి, నెమ్మదిగా పెరుగుతాయి. మార్కెట్‌కు రావడానికి ఇరవై ఎనిమిది వారాల దాకా పడుతుంది. ఫ్యాక్టరీ ఫారాల్లోని తెల్ల టర్కీలకు రొమ్ము కండ ఎంతగా పెంచారంటే, అవి జతకట్టలేవు. మనిషి చేతి మీదుగా కృత్రిమ గర్భధారణ జరగాలి, గుడ్లను యంత్రం పొదగాలి. అమెరికాలో ఏటా పెంచే దాదాపు ఇరవై కోట్ల టర్కీల్లో తల్లి రెక్క కింద పడుకున్నవి లెక్కలోకి రానంత తక్కువ.

ఆ రైతు దగ్గర మాత్రం పెట్టలే పొదుగుతాయి. ఇరవై ఎనిమిది రోజులు. మేత కోసం కాసేపు లేవడం తప్ప పెట్ట కదలదు. పిల్ల పెంకు పగలగొట్టకముందే గుడ్డులోంచి సన్నగా కిచకిచలు మొదలవుతాయి, పెట్ట గొంతులోనే బదులిస్తుంది. పిల్ల తల్లిని చూడకముందే ఇద్దరికీ మాటలు కలుస్తాయన్నమాట. ఒకటి రెండు రోజుల్లో పిల్లలన్నీ వెంట నడుస్తాయి. పెట్ట మేతను పిల్లల నోట్లో పెట్టదు. గడ్డిలో పురుగు కనిపించిన చోట ఆగి శబ్దం చేస్తుంది, పిల్లలు పరుగెత్తుకొస్తాయి. ఒక సాయంత్రం గద్ద నీడ పడింది. పెట్ట గొంతు ఒక్కసారిగా మారింది. పిల్లలు ఎక్కడివక్కడ గడ్డిలో అతుక్కుపోయాయి. మళ్లీ మామూలు పిలుపు వినిపించేదాకా ఒక్కటీ కదల్లేదు. చీకటి పడ్డాక అన్నీ తల్లి రెక్కల కిందికి చేరాయి. లోపల ఒక పిల్ల చలికో ఇరుకుకో కిచకిచమంటే పెట్ట రెక్క సర్దుకునేది.

మరో ముచ్చట కూడా చూశాం. పక్కపక్క గూళ్లలో పొదిగిన రెండు పెట్టలు తమ పిల్లలను కలిపేసి ఒకే మందగా తిప్పుతున్నాయి. అడవి టర్కీల్లోనూ ఇలా జరుగుతుంది. ఏ పిల్ల ఏ పెట్టదో ఆ రైతే చెప్పలేకపోయాడు. మన ఊళ్లలో బాతు గుడ్లను కోడి కింద పొదిగించడం అందరికీ తెలిసిందే; బాతుపిల్లలు నీళ్లలోకి దిగితే ఒడ్డున కోడి కంగారు పడుతుంది గాని, గుడ్డు ఎవరిదని అడగదు. దీన్ని కులనిర్మూలన పాఠంగా చూపించే తొందర మాకు లేదు. కోళ్లలోనూ ఒకదాన్ని ఒకటి పొడిచి కింద పెట్టే వరసలున్నాయి.

ఈ ప్రేమ దేన్ని ఆనుకుని ఉందో 1960లో ఆస్ట్రియా శాస్త్రవేత్త వోల్ఫ్‌గాంగ్ ష్లైట్, ఆయన సహచరులు ప్రచురించిన పరిశోధన చూపింది. వాళ్లు కొన్ని టర్కీ పెట్టలకు వినికిడి లేకుండా చేశారు. ఆ పెట్టలు గుడ్లను మామూలుగానే పొదిగాయి. పిల్లలు బయటికి రాగానే వాటిని పొడిచి చంపాయి. కళ్లు బాగానే ఉన్నాయి, పిల్లలు తమవే. కిచకిచ ఒక్కటే అందలేదు. గూటిలో కదిలే ఆ చిన్న ప్రాణి వాటికి శత్రువైపోయింది. మరో ప్రయోగంలో, ముంగిస లాంటి వేట జంతువు బొమ్మను గూటికి చేరిస్తే పెట్ట దాని మీద పడింది. అదే బొమ్మలోంచి పిల్లల కిచకిచ వినిపిస్తే రెక్క కిందికి తీసుకుంది. శబ్దం ఆపగానే మళ్లీ మీద పడింది. ప్రేమ ఎక్కడుందో కనిపెట్టడానికి తల్లుల చెవులు పాడుచేసిన ఆ పద్ధతిని మేము మెచ్చుకోలేం. అయినా తెలిసిన సత్యం తెలిసినట్టే చెప్పాలి.

ఇది విన్న మిత్రులు కొందరు, 'అయితే తల్లి ప్రేమ ఒట్టి మీట నొక్కుడేనా' అని నిరాశపడ్డారు. మాకు ఆ నిరాశ కలగలేదు. కారణం మీద ఆధారపడి పుట్టింది కాబట్టి అబద్ధం అనడం తథాగతుడి బోధకు విరుద్ధం. ప్రతీత్య సముత్పాదం ప్రకారం స్పర్శ ఉంటే వేదన, వేదన ఉంటే తర్వాతిది. కారణం లేని ప్రేమ కోసం వెతికేవాడు ఆత్మ కోసం వెతికేవాడి లాంటివాడే. కారణం మీద నిలిచింది కాబట్టే ప్రేమను కాపాడుకోవచ్చు, పెంచుకోవచ్చు. తెగిపోయిన చోట మళ్లీ అతికించనూ వచ్చు. బొమ్మ సంగతిలో మరో హెచ్చరిక ఉంది. మన పిల్లల గొంతుతో కూసేవన్నీ మన పిల్లలు కావు. ఎన్నికల కాలంలో మన వాడల్లో ఆ కూతలు బాగా వినిపిస్తాయి. బాబాసాహెబ్ కరుణ పక్కనే ప్రజ్ఞను నిలబెట్టింది ఇందుకే.

పెట్టకూ మనిషికీ తేడా ఇక్కడే మొదలవుతుంది. పెట్టకు ఉన్నది ఒక్క ద్వారం. అది మూసుకుంటే బిడ్డ శత్రువే. మా పనిలో వినికిడి లేని తల్లులను చూశాం. వాళ్లలో ఒకామె పసిబిడ్డ ఛాతీ మీద చెయ్యి వేసుకుని నిద్రపోయేది. బిడ్డ ఏడిస్తే ఆ కదలిక చేతికి తెలిసేది. మనిషికి చెవి ఒక్కటే దారి కాదు. చెయ్యి ఉంది, కన్ను ఉంది, ఊహ ఉంది. మతి స్థిమితం తప్పి, తాను చేసేదేమిటో తెలియని స్థితిలో చేసినదాన్ని చట్టం నేరమనదు. ఆ లెక్కన పెట్టను ఎవరూ దోషి అనలేరు. అన్ని ద్వారాలూ ఉండి, పక్క వాడలోని ఏడుపుకు అన్నిటినీ మూసుకున్న మనిషిని ఏమనాలి?

బాబాసాహెబ్ 1920 జనవరి 31న ప్రారంభించిన పత్రిక పేరు 'మూకనాయక్', అంటే మూగవారి నాయకుడు. ఆ మాటను ఇన్నాళ్లూ మన మూగతనానికి గుర్తుగా చదువుకున్నాం. ఇప్పుడు మాకు అది ఇంకోలా తోస్తోంది. మన తాతముత్తాతలు మూగవాళ్లు కారు. పాడారు, ఏడ్చారు, మొరపెట్టుకున్నారు. ఆ శబ్దం చేరవలసిన చెవిని శాస్త్రాలు ముందే మూసేశాయి. 1936 నాటి సభకు లాహోరులోని జాత్-పాత్ తోడక్ మండలి బాబాసాహెబ్‌ను అధ్యక్షుడిగా పిలిచింది. ఉపన్యాస పాఠం చూశాక సభనే రద్దు చేసుకుంది. కులాన్ని తెంచుతామన్నవాళ్లే వినలేకపోయారు. ఆయన దాన్ని సొంత ఖర్చుతో అచ్చు వేయించారు.

మేము చదువుకున్న న్యాయశాస్త్రంలో మొదటి పాఠాల్లో ఒకటి, ఎదుటి పక్షం మాట వినకుండా తీర్పు చెప్పరాదన్నది. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015 సవరణలో చేర్చిన 15ఏ సెక్షన్ దీన్ని బాధితుల వైపు తిప్పింది. బెయిలు, విడుదల, శిక్ష లాంటి ఏ విచారణలోనైనా బాధితుడికి, అతని మీద ఆధారపడినవారికి తమ మాట వినిపించుకునే హక్కు ఉంది. ఇది తప్పనిసరి అని 2021లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. నాలుగో సెక్షన్ ఇంకా చిన్న విషయం అడుగుతుంది. నోటితో చెప్పిన ఫిర్యాదును రాసుకున్న అధికారి, సంతకం తీసుకునేముందు దాన్ని ఫిర్యాదుదారుకు చదివి వినిపించాలి. చట్టం రాసినవాళ్లకు ఎక్కడ చెవి మూసుకుంటుందో తెలుసు.

ఊళ్లో జరిగేది వేరు. ఒక ఠాణాలో ఒక తల్లిని మూడు రోజులు 'రేపు రా' అని తిప్పడం మేము పక్కనుండి చూశాం. నాలుగో రోజు ఆమె ఏమీ చెప్పకుండా గోడ పక్కన కూర్చుంది. మేము ఆమె మాట మొదటి నుంచి చివరి దాకా విని, ఆమె మాటల్లోనే రాసి, ఆమెకు చదివి వినిపించాం. రెండుచోట్ల దిద్దింది. ఆ కాగితంతో మళ్లీ లోపలికి వెళ్లాం.

బెయిలు విచారణ నోటీసులు చాలాసార్లు బాధితుల ఇళ్లకు చేరవు, చేరినా తేదీ దాటాక చేరతాయి. అందుకని ప్రతి నెలా మొదటి వారం మేము కోర్టు కాగితాలు తిరగేసి, తేదీలు రాసుకుని, ఆ ఇళ్లకు వెళ్లి చెబుతున్నాం. ఈ నెల జాబితాలో ఏడు ఇళ్లున్నాయి. రెండింటికి బస్సు లేదు. వాటికి రేపు పొద్దున్నే బయలుదేరాలి.