నియామక కాలములు – కూడుకొను సంఘము

ధ్యాన భాగములు: లేవీయకాండము 23:4-14, 2 దినవృత్తాంతములు 30:1-20, కొలొస్సయులకు 2:16-17



2024వ సంవత్సరములో మనము మార్చి 31వ తేదీన పునరుత్థాన పండుగ ఆచరించితిమి. యూదులైతే ఏప్రిల్ 22వ తేదీ సాయంకాలమున పస్కా ఆరంభించిరి. పస్కా రాకమునుపే పునరుత్థానమెట్లు వచ్చెను? మన పెద్దలు మనకు తప్పు దినమును నేర్పిరా? ఇట్లు అడుగువారు మన మధ్య ఉన్నారు. అడుగుట తప్పు కాదు. అయితే కొందరు ఈ ప్రశ్నవలన ఈస్టరునాడు మందిరమునకు వచ్చుటయే మానుకొందురు. ఒకే యింటిలో తల్లి ఒక దినమున, కుమారుడు మరియొక దినమున పండుగ చేసికొని, ఒకరినొకరు అవిశ్వాసులుగా చూచుకొనునంతవరకు వచ్చినయెడల అది చిన్న సంగతి కాదు. గనుక లేఖనమేమి చెప్పుచున్నదో నెమ్మదిగా చూతము.

మొదట, దేవుడు ఇశ్రాయేలీయులకిచ్చిన పంచాంగమును తెలిసికొందము. వారిని ఐగుప్తునుండి రప్పించునప్పుడు ఆయన వారికి ఒక నెలను సంవత్సరారంభముగా నియమించెను (నిర్గమ 12:2). దాని పేరు ఆబీబు, అనగా పచ్చి వెన్నుల నెల. బబులోను చెర తరువాత దానిని నీసాను అనిరి. నెలపొడుపుతో నెల ఆరంభమగును; పదునాలుగవ దినపు సాయంకాలమున, చంద్రుడు నిండుచున్నవేళ, పస్కా. మన తెలుగు బైబిలులో 'అమావాస్య' అని ఉన్నచోట మనము చీకటి రాత్రిని తలంచుకొని భయపడనక్కరలేదు. అది క్రొత్త చంద్రుడు కనబడు దినము, బూర ఊది సంతోషించు దినము.

చంద్రుని సంవత్సరమునకు సుమారు 354 దినములు, సూర్యుని సంవత్సరమునకు 365. ఏటేట పదకొండు దినములు తగ్గుచుండగా నెలలు ఋతువులను విడిచి పోవును. కాని పులియని రొట్టెల పండుగలో యవల మొదటి పనను అర్పింపవలెను గదా! పొలములో వెన్ను లేనిదే పన ఎక్కడిది? గనుక కొన్ని సంవత్సరములకు ఒక నెల అధికముగా చేర్చిరి. పందొమ్మిది సంవత్సరములకు ఏడు నెలలు అట్లు చేరును. మన అధిక మాసపు లెక్కయు ఇట్టిదే. అందువలననే 2024లో ఉగాది, నీసాను మొదటి దినము రెండును ఏప్రిల్ 9వ తేదీననే పడెను. 2025లో రెండును మార్చి 30వ తేదీననే పడెను. ప్రతి సంవత్సరము అట్లే పడదుగాని, చంద్రుడు అందరికిని ఒక్కడే అని దీనివలన తెలియుచున్నది.

పూర్వకాలమున ఇద్దరు సాక్షులు యెరూషలేములోని పెద్దలయొద్దకు వచ్చి, నెలపొడుపును చూచితిమని చెప్పవలెను. పెద్దలు విచారించి దినమును ప్రకటించిన తరువాత కొండనుండి కొండకు మంటలు వేసి దూరమందున్నవారికి తెలిపెడివారు. శత్రువులు తప్పు మంటలు వేసి జనులను మోసగించినందున మంటలు మాని దూతలను పంపిరని యూదుల మిష్నా గ్రంథము చెప్పుచున్నది. ఎవడును తన మిద్దెమీద తానే చంద్రుని చూచి తన పండుగ తాను చేసికొనలేదు. అందరును కలిసి ఒక దినమున దేవుని సన్నిధికి రావలెననియే ఇంత ప్రయాస.

రెండవది, ఇద్దరు రాజులను చూడుడి. యరొబాము ఏడవ నెలలోని పండుగకు బదులుగా ఎనిమిదవ నెల పదునైదవ దినమున ఒక పండుగను తన మనస్సున యోచించి నియమించెను (1 రాజులు 12:32-33). ఏల? జనులు యెరూషలేమునకు పోయి తమ సహోదరులతో కలియుదురేమో అని అతడు భయపడెను. హిజ్కియాయు దినమును మార్చెను. మొదటి నెలలో జరుగవలసిన పస్కాను రెండవ నెలలో జరిపెను. ఏల? యాజకులు చాలినంతమంది ప్రతిష్ఠింపబడలేదు, జనులింకను యెరూషలేములో కూడుకొనలేదు (2 దినవృత్తాంతములు 30:3). ప్రయాణమందున్నవారికిని, శవమును ముట్టి అపవిత్రులైనవారికిని రెండవ నెలలో పస్కా ఆచరించుటకు దేవుడు మోషే ద్వారా ముందే మార్గము తెరచియుండెను (సంఖ్యా 9:10-11). హిజ్కియా ఆ ద్వారమును సర్వజనులకొరకు తెరచెను. ఎఫ్రాయీము మనష్షేలవారు కొందరు వ్రాయబడిన విధి చొప్పున పరిశుద్ధపరచుకొనకయే భుజించిరి. రాజు వారికొరకు ప్రార్థింపగా యెహోవా ఆలకించి జనులను స్వస్థపరచెను.

ఇద్దరును దినమును మార్చినవారే. ఒకడు సహోదరులను విడదీయుటకు మార్చెను, మరియొకడు తప్పిపోయినవారిని కూర్చుటకు మార్చెను. దేవుడు మొదటివానిని ఖండించెను, రెండవవాని ప్రార్థన వినెను. పండుగ దినమును గూర్చి వాదించువారు తమ్మును తాము అడుగవలసిన ప్రశ్న ఇదియే: నా వాదమువలన సంఘము కూడుకొనుచున్నదా, చెదరుచున్నదా?

మూడవది, ఆదిమ సంఘము ఈ సంగతిని ఎట్లు నడిపెను? ఆసియాలోని సంఘములు వారములో ఏ దినమైనను పదునాలుగవ దినముననే ఆచరించెడివి. రోమా సంఘము ఆదివారమున ఆచరించెడిది. రెండవ శతాబ్దపు మధ్యకాలమున స్ముర్న అధ్యక్షుడైన పొలికార్పు రోమాకు పోయి అక్కడి అధ్యక్షుడైన అనికేతుతో ఈ విషయమై మాటలాడెను. ఒకరినొకరు ఒప్పింపలేకపోయిరి. అయినను అనికేతు తన సంఘములో ప్రభువు బల్లను నడిపించుటకు పొలికార్పునకు చోటిచ్చెను. వారు సమాధానముతో విడిపోయిరి. క్రీ.శ. 325లో నీకయ సభ సంఘములన్నియు ఒక్క దినముననే ఆచరింపవలెనని తీర్మానించెను. మార్చి 21న గాని తరువాత గాని వచ్చు నిండు చంద్రుని తరువాతి ఆదివారము అను నియమము పిమ్మట స్థిరపడెను. 2024లో ఆ పున్నమి మార్చి 25వ తేదీన వచ్చెను. యూదులకు ఆ యేడు అధిక మాసముండెను గనుక వారి పస్కా తరువాతి పున్నమికి పోయెను. మన ప్రశ్నకు జవాబిదే. లెక్కలు రెండు, ప్రభువు లేచినది ఒక్కసారియే.

గుంటూరు ప్రాంతములో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెములో బెనే ఎఫ్రాయీమువారను తెలుగు కుటుంబములు యూదులుగానే జీవించుచు, పస్కాను యూదుల పంచాంగము చొప్పున ఆచరించుచున్నారు. వారి శ్రద్ధను మనము పరిహసింపము. మనకైతే పస్కా గొఱ్ఱెపిల్ల క్రీస్తే. పండుగలు ఛాయ, నిజస్వరూపము ఆయనది అని అపొస్తలుడు బోధించెను.

మన కోత పండుగను చూడుడి. ఇశ్రాయేలు యవలు నీసానులో పండినవి. మన వరంగల్ ప్రాంతపు వానకాలపు వరి కార్తీక మార్గశిరములలో కోతకు వచ్చును. బస్తా ధాన్యమో, కోడిపెట్టయో, గుమ్మడికాయయో మందిరమునకు తెచ్చు పేద విధవరాలితో, నీ ప్రథమఫలము నీసానులో రాలేదు గనుక చెల్లదని ఎవరు చెప్పుదురు?

అయితే ఒక మాట మనకే చెప్పుకొనవలెను. యూదుల పంచాంగమువలన మనకు కలుగు అపాయముకంటె గోడమీది పంచాంగమువలన కలుగు అపాయము ఎక్కువ. బాప్తిస్మము పొందిన మనము కుమార్తె పెండ్లికి రహస్యముగా ముహూర్తము అడుగుట లేదా? ఆషాఢమని, మూఢమని, రాహుకాలమని వెనుదీయుట లేదా? పౌలు గలతీయుల విషయమై భయపడినది ఇట్టి దాస్యమునకే (గలతీ 4:9-11). దినమును సృజించిన తండ్రి చేతిలో నుండగా దినమునకు భయపడనేల?

కాజీపేట జంక్షనులో సికింద్రాబాదునుండి, బల్లార్షానుండి, విజయవాడనుండి వచ్చు బండ్లన్నిటికిని గడియారపు కాలము ఒక్కటే. అది లేనిచో బండ్లు కలియవు. అయినను గడియారము ఎవనిని ఇల్లు చేర్చదు. సంఘ పంచాంగమును అట్టిదే. మనలను కలుపును, రక్షించునది ప్రభువే.

కావున ప్రియులారా, రాబోవు పండుగకు ముందు, దినమును గూర్చిన వాదమువలన మందిరమునకు రాక నిలిచిపోయిన సహోదరుడు మీ వాడలోనున్నయెడల, లెక్కలు చెప్పుటకు కాదు, చేయి పట్టి పిలుచుకొని వచ్చుటకు అతని యింటికి వెళ్లుడి. హిజ్కియా దూతలను చూచి అనేకులు నవ్విరి, అయినను కొందరు తమ్మును తగ్గించుకొని వచ్చిరి. ఒక్కడు వచ్చినను మన పండుగ పండుగయే.

కాలములకు కర్తవైన ప్రభువా, మమ్మును నీ బల్లయొద్ద ఏకముగా కూర్చుము. ఆమేన్.