విల్లుతో వేట: అవసరమా, వినోదమా?

బాణంతో వేటాడిన జంతువు ఎప్పుడు ధర్మసమ్మతం అవుతుందో హజ్రత్ అదీ బిన్ హాతిం (రజి)కు మహాప్రవక్త (స) వివరించిన హదీసు సుప్రసిద్ధం. కాబట్టి విల్లు పట్టడమే తప్పని మనం అనలేము. మరి, తినడానికి కాకుండా విల్లుతో చేసే వేట సంగతేమిటి?

ఉత్తర అమెరికాలో కయోటీ అనే జంతువుంది. తోడేలుకు దగ్గరి చుట్టం, మన గుంటనక్కకన్నా కాస్త పెద్దది. గొర్రెపిల్లలను ఎత్తుకుపోతుంది గనక పశుపోషకులకు శత్రువు. అమెరికాలోని చాలా రాష్ట్రాల్లో దీన్ని ఏడాది పొడుగునా చంపవచ్చు, లెక్కకు పరిమితి లేదు. 1931 నాటి చట్టం ప్రకారం ప్రభుత్వమే వీటిని చంపించే పనికి పూనుకుంది.

కొందరు దీన్ని విల్లుతో వేటాడతారు. పొదల్లో దాగి, గాయపడిన కుందేలు అరుపును యంత్రంతో వినిపిస్తారు. ఆహారమనుకొని వచ్చిన కయోటీ ముప్పై నలభై గజాల దూరంలోకి రాగానే బాణం వదులుతారు. తుపాకీతో దూరంనుంచి కాల్చడంకన్నా ఇది న్యాయమైన వేట అనీ, జంతువుకు తప్పించుకునే అవకాశం ఉంటుందనీ వారి వాదన.

ఈ వాదనను కాస్త నిదానంగా పరిశీలిద్దాం. బాణం చంపేది కోతతో, రక్తస్రావంతో. గుండెకో ఊపిరితిత్తులకో తగిలితే ప్రాణం త్వరగానే పోతుంది. కానీ కయోటీ చిన్న జంతువు, మహా చురుకైనది. గురి కొద్దిగా తప్పినా పొట్టలో గాయంతో పరుగెత్తి, ఎక్కడో గంటల తరబడి బాధపడి చస్తుంది. తప్పించుకునే అవకాశమంటే ఇది కూడా! జిబహ్ చేసేటప్పుడు సైతం కత్తికి పదును పెట్టి జంతువు బాధను తగ్గించమని ఆదేశించారు మహాప్రవక్త (స).

హానిచేసే మృగాన్ని చంపడానికి అనుమతి లేదా? ఉంది. ఇహ్రామ్‌లో ఉన్నవారు సైతం చంపదగిన కరిచే కుక్క కోవలోకి తోడేలు వస్తుందని, నక్క మాత్రం రాదని ఇమామ్ మాలిక్ (రహ్మ) అభిప్రాయం. కయోటీ ఈ రెంటికీ మధ్యన ఉంది. అయితే మందను పోగొట్టుకుంటున్న కాపరి ఏ ఆయుధం కష్టమైనదని అడగడు, ఏది ఖాయంగా పనిచేస్తుందని అడుగుతాడు. కష్టమైనదాన్ని కోరి ఎంచుకునేవాడి సంకల్పం (నియ్యత్) వేరు. ఇళ్ళ మధ్య తూటా పేల్చడం ప్రమాదమైన చోట విల్లే గతి కావచ్చు. అది వేరే మాట.

ఒక కోడిని కట్టి గురి చూస్తున్న యువకులను హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) తీవ్రంగా మందలించారు. ప్రాణమున్నదాన్ని గురిగా నిలిపేవారిని మహాప్రవక్త (స) శపించారని గుర్తుచేశారు. తగలని ప్రతి బాణమూ కోడి యజమానికి చెందాలని ఆ యువకులు ముందే ఒప్పందం చేసుకున్నారట. కయోటీ విషయంలోనూ పందాలున్నాయి. ఎక్కువ చంపినవారికి బహుమతులిచ్చే పోటీలను కాలిఫోర్నియా 2014లో నిషేధించింది. వెర్మాంట్ 2018లో, న్యూ మెక్సికో 2019లో కయోటీ పోటీలను నిషేధించాయి. ఆ మూడు చోట్లా కయోటీని చంపడం మాత్రం నిషిద్ధం కాలేదు.