రాతిగుడియు కాయకమును

ఇష్టలింగమును అంగమున ధరించిన భక్తునకు రాతిగుడితో పనియేమి? బసవేశ్వరుడు భక్తుని దేహమునే ఆలయముగా నెంచెను. అట్లయిన, ప్రాచీన శైవాలయముల శిల్పసంపదను శరణమార్గీయులు ఏ దృష్టితో చూడవలెను?

ములుగు జిల్లా పాలంపేటలోని రుద్రేశ్వరాలయమును ఉదాహరణముగా గైకొందము. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు దీనిని నిర్మింపజేసెను, శాసనము క్రీ.శ. 1213 నాటిది. కల్యాణమున శరణులు చెదరిపోయి అప్పటికి అర్ధశతాబ్దము నిండలేదు. నక్షత్రాకారమైన ఎత్తైన వేదిక, ఎఱ్ఱని ఇసుకరాతి గోడలు, వానిపై బారులు తీరిన ఏనుగులు, అద్దమువలె నునుపు దేరిన నల్లరాతి స్తంభములు, చూరు క్రింద ఒయ్యారముగ నిలిచిన మదనికలు చూపరుల నచ్చెరువొందించును. పునాదిని ఇసుకతో నింపిరి. శిఖరమును నీటిపై తేలునంతటి తేలిక ఇటుకలతో కట్టిరి. పైభారమును తగ్గించుటలోనే ఆ స్థపతుల వివేకము కలదు.

అయినను ఆక్షేపణ లేకపోలేదు. ఇట్టి గుడిని ధనవంతుడే కట్టింపగలడు. పేదవాని భక్తి ఆతని భక్తికి తీసిపోవునా? కులము పేరిట గుడివాకిళ్లు కొందఱికి మూయబడిన కాలమును మఱువరాదు. శిల్పసౌందర్యము ఆ అన్యాయమును కప్పిపుచ్చజాలదు.

కాని ఇచ్చట నొక విశేషము కలదు. శాసనమున దాత పేరున్నను, జనులు ఈ గుడిని రామప్పగుడి యనియే పిలుతురు. రామప్ప దీనిని మలచిన శిల్పి యని పరంపరాగతమైన నమ్మకము. ధనమిచ్చిన చేతికంటె ఉలిపట్టిన చేతినే లోకము అధికముగ స్మరించినది. కాయకమును పూజగా నెంచిన శరణధర్మమునకు ఈ స్మరణ మిక్కిలి సమీపమైనది.

కావున స్థావరాలయము ఇష్టలింగమునకు బదులు కానేరదు. అట్లని తృణీకరింపదగినదియు కాదు. అది శ్రమజీవుల ఏకాగ్రతకు సాక్ష్యము. 2021లో ఐక్యరాజ్యసమితి విద్యా, విజ్ఞాన, సాంస్కృతిక సంస్థ దీనిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినది. ఆ గౌరవము రాతితో ఆగిపోరాదు. మదనికను చూచి చేతులు జోడించి, తన వాడలో రాయిగొట్టు కూలివానిని గడప వెలుపల నిలుపువాడు గుడిని చూచినవాడు కాడు. ఆతనిని పంక్తిలో కూర్చుండబెట్టుకొని దాసోహమొనర్చువాడే ఆ శిల్పమును నిజముగ దర్శించినవాడు.